సారె కావడి ఎవరి భుజాన?

బరంపురంలో స్థిరపడ్డ తెలుగిళ్లకు పండగలు రెండు దిక్కుల నుంచి వస్తాయి. సంక్రాంతి, ఉగాది, వినాయక చవితి తాతలతో పాటు వచ్చినవి. రొజొ, ప్రథమాష్టమి ఇరుగుపొరుగుతో పాటు వచ్చినవి. మార్గశిర లక్ష్మివారాలు రెండు వైపులా ఉన్నవే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరయ్యేదాకా గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఆ రోజు గీసిన గీతకి ఇచ్ఛాపురం అటూ బరంపురం ఇటూ అయ్యాయి. పెళ్లి సంబంధాలు మాత్రం ఆ గీతను లెక్క చేయలేదు. అందుకే ఈ ఊళ్లో సారె అంటే ఇంకా పట్టింపు ఉంది. ఆడపిల్ల అత్తవారింటికి వెళ్లే పిండివంటలు, బట్టలు, పసుపు కుంకుమలు మనకు సారె, ఒడియా వాళ్లకు భారొ. ఒకప్పుడు రెండూ కావడిలోనే వెళ్లేవి. రెండింట్లోనూ అరిసెలుండేవి.

ప్రథమాష్టమి మన పంచాంగంలో కార్తీక బహుళాష్టమి. ఒడియా లెక్కలో అప్పటికే మార్గశిరం వచ్చేస్తుంది. ఇంటికి మొదటి బిడ్డ, ఆడైనా మగైనా, ఆ రోజు కొత్తబట్టలు కట్టుకుని పీట మీద కూర్చుంటే తల్లీ, ఇంట్లో పెద్దవాళ్లూ హారతి ఇస్తారు. ఆ బట్టలు మేనమామ ఇంటి నుంచి రావాలి. భువనేశ్వర్ లింగరాజస్వామి కూడా ఆ రోజు మేనమామ ఇంటికని ఊరేగింపుగా వెళ్తాడు. ప్రతి ఇంట్లో పసుపాకు మడతల్లో ఎండురి పిఠా ఉడుకుతుంది.

ఆ పండగకి ఒక రోజు ముందు పొద్దున్న, బరంపురంలో ఒక పాత ఇంటి వసారాలో జరిగిన మాటలివి. అత్త తెలుగు బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. మేనల్లుడికి హైదరాబాదులో ఉద్యోగం. వాడి అక్కను ఆస్కాలో ఇచ్చారు. అక్క పెద్దకూతురికి ఆరేళ్లు, అంటే రేపటి పండగ ఆ పిల్లదే. ఇద్దరూ నాకు కావలసినవాళ్లే కాబట్టి నేను మధ్యలో ఎక్కువ మాట్లాడలేదు. రాసేటప్పుడు మాత్రం ఊరుకోలేకపోయాను.

మేనల్లుడు: అత్తా, ఈసారి బజారు నుంచి ఒక్కటీ తేవద్దు. అన్నీ ఇంట్లోనే చేద్దాం. ఎండురి పిఠా, అరిసెలు, పోకుండలు, జంతికలు. అమ్మ ఉన్నప్పుడు ఎలా వెళ్లేదో అలా వెళ్లాలి సారె. ఆస్కా ఎంత దూరం, నలభై కిలోమీటర్లు. రేపు పొద్దున్నే బయల్దేరతాను.

అత్త: చేద్దాం అంటున్నావు. ఎవరు చేస్తారు?

మేనల్లుడు: మనమే.

అత్త: మనమంటే ఎవరెవరు? చెప్పు. మీ నాన్న పేపరు చదువుతున్నాడు. నీ తమ్ముడు ఇంకా లేవలేదు. నీ భార్యకి సెలవు దొరక్క రాలేదు. ఇక మిగిలింది నేను. అరవై ఏడేళ్ల నా మోకాళ్లు. అరిసెలంటే ఏమిటో నీకు తెలుసా? కొత్తబియ్యం ఒక పగలూ ఒక రాత్రీ నానాలి. మధ్యలో నీళ్లు మార్చాలి. వడకట్టి, తడి ఆరకముందే పిండి కొట్టాలి, జల్లించాలి. బెల్లం పాకం దగ్గర ఒక మనిషి కదలకుండా నిలబడాలి. పాకం ముదిరితే అరిసె రాయి, లేతదైతే నూనెలో విడిపోతుంది. పిండి కలిపేటప్పుడు ఒకరు పోస్తుంటే ఒకరు తిప్పాలి. ఒత్తడానికొకరు, వేయించడానికొకరు, పీటల మధ్య నూనె పిండడానికొకరు. మీ అమ్మా నేనూ మీ పెద్దమ్మా ముగ్గురం కూర్చుంటే రెండు కుంచాల బియ్యానికి పొద్దు గూకేది. నువ్వు అమ్మ సారె అంటున్నది ఆ ముగ్గురి నడుముల్ని.

మేనల్లుడు: ఆ ముగ్గురూ నవ్వుకుంటూ చేసేవాళ్లు అత్తా. నాకు గుర్తుంది. నేను అక్కడే ఆడుకునేవాణ్ణి. మొదటి అరిసె దేవుడికి, రెండోది నాకు.

అత్త: నవ్వేవాళ్లం. కాదనను. ఆ నవ్వులో సగం అలసట. పండగ రోజు మీరందరూ కొత్తబట్టలు కట్టుకుని బుఢీ ఠాకురాణి గుడికి వెళ్తే మేం పొయ్యి దగ్గరే ఉండేవాళ్లం. మా కొత్తచీరల మడత సాయంత్రం విప్పేవాళ్లం. నేను బడిలో పిల్లలకి లెక్కలు చెప్పేదాన్ని కదా, అంకె లేకుండా మాట్లాడను. 2019లో కేంద్ర గణాంక శాఖ దేశమంతా సర్వే చేసింది, ఎవరు ఏ పనికి ఎంతసేపు ఖర్చు పెడుతున్నారని. ఇంటిపని చేసే ఆడవాళ్లకి రోజుకి సగటున 299 నిమిషాలు. మగవాళ్లకి 97. అదీ చేసే మగవాళ్లకి. అసలు చెయ్యి పెట్టే మగవాళ్లు నూటికి 26 మందే. అది సగటు రోజు మాట. పండగ రోజుల్లో ఎవరైనా లెక్క తీస్తే తెలుస్తుంది.

మేనల్లుడు: లెక్క నిజమే. ఒప్పుకుంటాను. దానికి మందు వంట మానేయడమా? మిఠాయి కొట్టు డబ్బా తీసుకెళ్లానే అనుకో. అదే డబ్బా అక్క అత్తగారి ఇంట్లో అప్పటికే నాలుగుంటాయి. విప్పకుండానే ఒకటి వాళ్ల ఆడపడుచు ఇంటికి పోతుంది, అక్కణ్ణించి ఇంకో ఇంటికి. ఆ డబ్బా ఎవరి కోసం చేశారు? ఎవరి కోసమూ కాదు. అమ్మ చేసిన అరిసెల్లో అక్క కోసం నువ్వులు ఎక్కువ పడేవి. నాన్నకి పంటి కింద మెత్తగా ఉండాలని నాలుగు వేరే తీసేది. చెయ్యి కదిలేటప్పుడు తినేవాళ్ల ముఖం కళ్లలో ఉండేది. కొన్నదాంట్లో అది ఎక్కడ దొరుకుతుంది?

అత్త: మన వీధి చివర దొరుకుతుంది. నువ్వు కొట్టు అనగానే అద్దాల షోకేసు అనుకుంటున్నావు. బరంపురం అప్పడాలు, ఊరగాయలు దేశమంతా తింటోందే, అవి ఎక్కడ తయారవుతున్నాయి? సందుల్లో, డాబాల మీద, ఆడవాళ్ల చేతుల్లో. మన వెనక వీధిలో ఆవిడ అప్పడాలు ఒత్తి ఇద్దరు పిల్లల్ని చదివించింది. పండగలకి అరిసెలు, కాకరా పిఠా కూడా చేస్తుంది. చెబితే నువ్వులు ఎక్కువ వేస్తుంది. నేను చేస్తే అది నా బాధ్యత, ఎవరూ చూడరు. ఆవిడ చేస్తే దానికి ధర ఉంది, చేతికి డబ్బొస్తుంది, ఇంట్లో మాట చెల్లుతుంది. అవే అరిసెలు. ఇంటివంటే కావాలంటే అదీ ఇంటివంటే. కాకపోతే ఆవిడ ఇంటిది.

ఈ చోట నేను అత్త పక్షమే. ఇంటివంట గొప్పదని మనం రాసే వ్యాసాల్లో వండిన మనిషికి చివర ఒక నమస్కారం మిగులుతుంది, అంతే. ఆ పనికి రూపాయి కట్టి కొనడం ఆప్యాయతను తగ్గిస్తుందని నేననుకోను. అయితే మేనల్లుడు దీనికి చెప్పిన జవాబు కూడా తోసేయదగ్గది కాదు.

మేనల్లుడు: ఆవిడ దగ్గర కొందాం. మంచిదే. కానీ సూరత్ సంగతి చెప్తాను విను. మన జిల్లా వాళ్లు లక్షల్లో ఉన్నారు అక్కడ, మరమగ్గాల మీద. మెస్ గదుల్లో పగటి డ్యూటీ వాడు వెళ్తే రాత్రి డ్యూటీ వాడు అదే చాప మీద పడుకుంటాడు. మా బళ్లో చదివిన వాడొకడు పన్నెండు గంటలు మగ్గం ముందు నిలబడి చీరలు నేస్తాడు. ఇంటికొచ్చేటప్పుడు అమ్మకీ అక్కలకీ అవే సూరత్ చీరలు తెస్తాడు. తిరిగి వెళ్లేటప్పుడు వాడి సంచిలో ఏముంటుంది? వడియాలు, అప్పడాలు, ఊరగాయ, అమ్మ చేసిన అరిసెలు. అక్కడ ఒక్కో అరిసె నలుగురు పంచుకుంటారట. 2020 మేలో లాక్‌డౌన్‌లో సూరత్ నుంచి శ్రామిక్ రైళ్లు జగన్నాథపూర్ స్టేషనుకొచ్చాయి గుర్తుందా? వాడు అందులో వచ్చాడు. ముందు కొన్నాళ్లు పంచాయతీ క్వారంటైన్. వాళ్లమ్మ రోజూ గేటు దాకా క్యారేజీ మోసుకెళ్లి ఇచ్చేది. అక్కడ సర్కారు భోజనం పెడుతూనే ఉంది అత్తా. అయినా మోసింది. ఆ క్యారేజీ ఇంకొకరి దగ్గర కొని పంపితే సరిపోయేదా?

అత్త (కాసేపు ఆగి): ఆ రోజుకి సరిపోయేది కాదు.

మేనల్లుడు: అదే నేననేది.

అత్త: ఆగు. ఆ తల్లికి ఆ వంట బరువు కాదు. కొడుకు కళ్లపడ్డాడు, గేటు అవతల ఉన్నాడు. ఆమె తనకు తాను వండింది. ఎవరూ జాబితా రాసివ్వలేదు. నేను కాదంటున్నది జాబితాని. ఎన్ని అరిసెలు, ఎన్ని లడ్లు, కావడికి ఎన్ని కుండలు. వియ్యపురాలు లెక్క పెట్టుకుంటుంది. తక్కువైతే పిల్లకి ఒక మాట పడుతుంది. నా పెళ్లయిన కొత్తలో సంక్రాంతికి మా నాన్న అప్పు చేసి సారె పంపాడు. ఆ అరిసెలు నాకు గొంతు దిగలేదు. మన వరకట్న నిషేధ చట్టమైనా ఇదే చెబుతోంది. అడిగి తీసుకున్నది కట్నం. అడక్కుండా, శక్తికి తగ్గట్టు, ఆచారంగా ఇచ్చింది కానుక. పెళ్లినాటి కానుకలకి ఆ గీత గీశారు. పండగ సారెకి ఎవరు గీస్తారు? మనమే గీసుకోవాలి.

అత్త చెప్పిన ఈ సంగతికి ఒక పాత పుస్తకం గుర్తొచ్చింది. ఫ్రెంచి సామాజిక శాస్త్రజ్ఞుడు మార్సెల్ మోస్ 1925లో కానుక మీద ఒక పెద్ద వ్యాసం రాశాడు. పసిఫిక్ దీవుల నుంచి అమెరికా వాయవ్య తీరం దాకా, మన ధర్మశాస్త్రాల దాకా చూసి ఆయన తేల్చింది ఏమిటంటే, కానుక పైకి ఉచితంగా కనిపిస్తుంది, లోపల మాత్రం ఇవ్వక తప్పదు, పుచ్చుకోక తప్పదు, తిరిగి ఇవ్వక తప్పదు. ఆ బంధమే మనుషుల్ని కలుపుతుంది, అదే వాళ్లను కట్టిపడేస్తుంది కూడా. అత్త ఆ పుస్తకం చదవలేదు. నాన్న అప్పు చూసింది.

మేనల్లుడు: అక్క అత్తగారు అలాంటిది కాదు.

అత్త: కాదు. బంగారం లాంటి మనిషి. అందుకే ఇప్పుడే అలవాటు తగ్గించాలి. మంచివాళ్ల మధ్య తగ్గిస్తేనే ఎవరికీ నొప్పి ఉండదు.

మేనల్లుడు: తగ్గించుకుంటూ పోతే చివరికి ఫోనులో డబ్బు పంపడం మిగులుతుంది. అత్తా, ఈ ఊరి పెద్ద పండగ ఏది? బుఢీ ఠాకురాణి జాతర. రెండేళ్లకోసారి అమ్మవారు గుడి వదిలి దేశీబెహరా వీధిలో తాత్కాలిక మండపానికి వస్తుంది, అది ఆమె పుట్టిల్లని. ఆ జాతర ముందుండి నడిపేది డేరా నేతవాళ్లు, రాజమహేంద్రవరం వైపు నుంచి వచ్చారని చెప్పుకునే వాళ్లు. ఊరు ఊరంతా నెల్లాళ్లు కూతుర్ని పుట్టింట ఉంచుకున్నట్టు చేస్తుంది. రాత్రి వీధుల్లో ఘటాలు తిరుగుతాయి. ఆ నెలలో ప్రతి ఇంటికీ ఆడపిల్లలు వస్తారు. ఇదంతా ఎవరో పనిగట్టుకుని చేయబట్టే కదా నిలిచింది? పని వద్దనుకుంటే పండగ ఏది?

అత్త: పని వద్దని ఎవరన్నారు? పంచుకోమంటున్నాను. నువ్వు రొజొ మర్చిపోయావు. మూడు రోజులు భూమాతకి విశ్రాంతి. నాగలి కట్టరు. ఆడవాళ్లు రుబ్బరు, నూరరు, పాతరోజుల్లోనైతే పొయ్యి కూడా ముట్టించేవారు కాదు. పోడొపిఠా ముందే కాల్చి పెట్టుకునేవాళ్లు. ఉయ్యాలలు కట్టి ఊగడం, పాను నమలడం, పాటలు. మనింటి పక్క ఒడియా ఆవిడ పెళ్లయి వచ్చిన ఏడాది నన్ను ఆ ఉయ్యాల ఎక్కించింది. ఆడవాళ్లని కూర్చోబెట్టడానికే ఒక పండగ పెట్టిన వాళ్లని నేను వేరే ఎక్కడా చూడలేదు. దానికి తెలుగింట్లో ఏం చేశాం? పోడొపిఠా మటుకు తీసుకున్నాం, ఉయ్యాల వదిలేశాం.

దీనికి మేనల్లుడు వెంటనే ఏమీ అనలేదు. నాకూ ఏమీ తోచలేదు. ఈ ఊరి తెలుగువాళ్లలో చాలామందిమి ఆ పండగని వంటింటి గుమ్మం దాకా రానిచ్చి అక్కడ ఆపాం.

మేనల్లుడు: అత్తా, నువ్వు తిన్న మంచి పండగ భోజనం ఏది? అన్నిట్లోకీ.

అత్త: 2013 దసరా.

మేనల్లుడు: ఫైలిన్ తుపాను రోజులా?

అత్త: అవును. అక్టోబరు 12 రాత్రి గోపాలపురం దగ్గర తీరం దాటింది. గంటకి 200 కిలోమీటర్ల పైన గాలి. రాష్ట్రంలో పది లక్షల మంది దాకా ఇళ్లు వదిలి వెళ్లారు. ఆ రాత్రంతా ఈ ఇంటి తలుపులకి బల్లలు అడ్డుపెట్టి కూర్చున్నాం. తెల్లారి చూస్తే వీధిలో ఒక్క చెట్టు నిలబడి లేదు. కరెంటు ఎన్ని రోజులకొచ్చిందో తెలియదు. పూజ పందిరి కొయ్యలు నీళ్లలో తేలుతున్నాయి. ఎవరింట్లోనూ గ్యాసు నిండుగా లేదు. మధ్యాహ్నానికి వీధిలో మగవాళ్లే విరిగిన కొమ్మలు కొట్టి మూడు రాళ్ల పొయ్యి పెట్టారు. మీ నాన్న బియ్యం కడిగాడు. నిజం, నేను కళ్లారా చూశాను. ఎవరో పెసరపప్పు తెచ్చారు, ఎవరో బంగాళాదుంపలు, వెనక వీధి ఆవిడ ఊరగాయ జాడీ మొత్తం తెచ్చి మధ్యలో పెట్టింది. ఖిచిడీ. తెలుగు వాళ్లం, ఒడియా వాళ్లం, ముందు వీధి మార్వాడీ కుటుంబం, అందరం ఆకుల్లో తిన్నాం. ఆడవాళ్లం ముందు కూర్చున్నాం, మగవాళ్లు వడ్డించారు. నా జీవితంలో పండగ రోజు వేడివేడిగా తిన్నది అదొక్కసారే.

మేనల్లుడు: చూశావా! అది ఇంటివంటే. ఎవరూ కొనలేదు.

అత్త: చూశాను. ఎవరు వండారో కూడా చూశాను.

మేనల్లుడు: సరే. వంట నేను చేస్తాను.

అత్త: అదీ మాట. ఇక బట్టల సంగతి. ఏం కొన్నావు పాపకి?

మేనల్లుడు: ఇంకా కొనలేదు. బరంపురం పట్టుతో పరికిణీ కుట్టిద్దామని. ఫొడా కుంభ అంచుతో. మన ఊరి నేత, జగన్నాథస్వామికి కట్టే పట్టు. అదే నేత దగ్గర కొంటే మగ్గానికీ మేలు.

అత్త: మగ్గానికి మేలు చేయాలంటే అక్కకి చీర కొను, పదేళ్లు కడుతుంది. ఆరేళ్ల పిల్లకి పట్టు పరికిణీ వచ్చే ఏడాదికి మోకాళ్లకొస్తుంది. అమ్మ కట్టమన్నప్పుడు కట్టి, మరక పడుతుందని బెదిరించి, విప్పేస్తారు. పాప ఏం అడిగిందో నీకు తెలుసా?

మేనల్లుడు: అడగలేదు.

అత్త: నాతో ప్రతి ఆదివారం ఫోనులో మాట్లాడుతుంది. ఠాకురాణి జాతరలో బాఘొ వేషాలు చూసింది కదా, ఒంటి నిండా పసుపూ నలుపూ చారలు పూసుకుని డప్పులకి ఎగురుతారే, అప్పటి నుంచి పులి ముఖం కావాలంటోంది. కాగితం గుజ్జుతో చేసి రంగులేసిన ముఖం. ఇవ్వగానే పెట్టుకుని పరిగెడుతుంది. దానితో పాటు మెత్తని నూలు గౌను కొను, అందులో ఎగరొచ్చు. అదే నిజమైన మేనమామ బట్ట.

మేనల్లుడు: పులి ముఖమా? హారతి పీట మీద?

అత్త: హారతి అయ్యాక. ఇంకో సంగతి. పోస్టాఫీసులో సుకన్య సమృద్ధి ఖాతా 2015 నుంచి ఉంది. పదేళ్ల లోపు ఆడపిల్ల పేరున తెరవచ్చు, ఏడాదికి 250 రూపాయలు కట్టినా చాలు. దాని నాన్న తెరిచాడు. పట్టుకి పెట్టే డబ్బులో కొంత అందులో వేయి. ఆ సంగతి ఇవాళ పిల్లకి చెప్పకు, దానికి పులి చాలు. పెద్దయ్యాక పాసుపుస్తకం చూసుకుంటుంది.

మేనల్లుడు: అమ్మ సారెలో డబ్బు ఉండేది కాదు.

అత్త: మీ అమ్మ తన గాజులమ్మి నీ ఫీజు కట్టింది. అది ఏ సారెలో పడుతుంది?

నన్ను అడిగితే, బట్టల విషయంలో కూడా అత్తదే పైచేయి. కానుక విలువ కొన్నవాడి జేబుతోనో చేసినవాళ్ల చేతితోనో మొదలవదు. తీసుకునే మనిషిని ఎంతసేపు విన్నామో అక్కడ మొదలవుతుంది. పాప మాట ఆదివారాలు విన్నది అత్త. వంట విషయంలో మాత్రం మేనల్లుడు పట్టు వదలకపోవడమే నాకు నచ్చింది. కొన్నదీ చేసిందీ ఒకటేనని తేల్చేస్తే ఆ వీధి ఖిచిడీకి, ఆ గేటు దగ్గరి క్యారేజీకి చోటుండదు.

మేనల్లుడు: అయితే అరిసెలు?

అత్త: అరిసెలకి బియ్యం నిన్ననే నానాలి. వెనక వీధి ఆవిడ దగ్గర తీసుకో, అడిగిన ధర ఇచ్చి, నువ్వులు ఎక్కువ వేయమని చెప్పి. జంతికలు, పోకుండలు ఈసారికి వద్దు. ఎండురి పిఠా మటుకు నువ్వు చేస్తావు. నేను కుర్చీలో కూర్చుని చెప్తాను. ఎన్ని అని లెక్క అడగకు, ఎంత వస్తే అంత. వియ్యపురాలు అడిగితే మా మేనల్లుడు వండాడని చెప్తాను, ఆవిడే తన కొడుకుని పిలిచి చూపిస్తుంది.

మేనల్లుడు: లోపల కొబ్బరి బెల్లంలో రెండు చుక్కలు మొగలి నీళ్లు వేద్దామా? అమ్మ వేసేది. ఛత్రపురం వైపు మొగలి.

అత్త: వేయి. మిరియాలు కూడా దంచి వేయి, చలికాలం. మీ తమ్ముణ్ణి లేపు, కొబ్బరి వాడు తురుముతాడు. మీ నాన్నకి బెల్లం తరగమని చెప్పు, ఆయనకి వచ్చు. సంక్రాంతి సారె సంగతి మళ్లీ మాట్లాడుకుందాం, దానికి నేనింకా ఒప్పుకోలేదు. ముందు ఆ మినపప్పు నానబెట్టు. బియ్యంతో కలిపి కాదు, వేరే గిన్నెలో. సాయంత్రానికి రుబ్బితేనే తెల్లారేసరికి పులుస్తుంది. పెరట్లో పసుపాకులు చాలవు, పక్కింటావిణ్ణి నువ్వే వెళ్లి అడుగు.